నాలుగో గది పెట్ట

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్ళ మధ్య కోడిని పొదగేయడంలో రిబ్కాను మించిన చెయ్యి లేదు. ఆమె గంపలో పెట్టిన గుడ్డు మురిగిందన్న మాట ఇంతవరకూ ఎవరి చెవినా పడలేదు. ఒకసారి పేటలో కొంటెగాళ్ళెవరో ఆమె హస్తవాసి పరీక్షిద్దామని గంపలో ఉడకబెట్టిన గుడ్డొకటి కలిపేశారు. ఇరవై ఒకటో రోజున మిగతా పిల్లలతోపాటు అదీ లేచింది. కాకపోతే బతికినన్నాళ్ళూ కాస్త మిరియాల వాసన వేసేదంట, అంతే.

అటువంటి రిబ్కాను పట్టుకుని, మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం, "నీ చేతుల వల్లే గుడ్లు చచ్చాయి" అన్నాడు అజయ్ బాబు.

బాపట్ల నుంచి సముద్రానికి పోయే దారిలో సరుగుడు తోటలు దాటాక తెనాలి సంజీవరావుగారి రిసార్టు ఉంది. దాని వెనకాల పక్షుల ఫారం. చివరి వరస జాలీ గదుల్లో ఉండేవి ఫెజెంట్లు, చైనా దేశపు కొండకోళ్ళు. పుంజు తల మీద బంగారు రంగు కుచ్చు, ఎర్రటి పొట్ట, బారెడు తోక. వచ్చినవాళ్ళందరూ దాని ముందే నిలబడి ఫొటోలు తీసుకుంటారు. పెట్టను ఎవరూ చూడరు. దానిది ఎండుటాకు రంగు. ఫొటోలో పడకుండా దాన్ని అవతలికి తోలమని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ గదులు ఊడ్చేదీ, మేత వేసేదీ, గుడ్లు ఏరి మిషన్‌లో పెట్టేదీ రిబ్కా. మేనేజరు అజయ్ బాబు. ఇద్దరిదీ ఒకే పేట, ఒకే లూథరన్ చర్చి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద "బాగున్నావా పిన్నీ" అని పలకరిస్తాడు. సోమవారం ఫారం గేటు దాటగానే పిన్ని కాస్తా రిబ్కా అయిపోతుంది. అజయ్ బాబు సార్ అయిపోతాడు.

ఆ శుక్రవారం పొద్దున పదింటికి కరెంటు పోయింది. ఫారం జనరేటరును ముందురోజే రిసార్టులోకి పట్టుకుపోయారు, సంజీవరావుగారి మనవరాలి పుట్టినరోజు పాటలకు. గుడ్లు పొదిగే మిషన్ ఉన్నది రేకుల షెడ్డులో. ఫ్యాను ఆగిన మిషన్ లోపల, మే ఎండలో, రేకుల కింద ఎట్లా ఉంటుందో పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

రిబ్కా ఫోన్ చేసింది. "సార్, మిషన్ తలుపు తీసి పెట్టమంటారా? లోపల ఉడికిపోతాయండి."

"ముట్టుకోకు. తలుపు తీస్తే టెంపరేచర్ మొత్తం పోద్ది. తెలియని పనుల్లో వేలు పెట్టకు."

ఆమె ముట్టుకోలేదు. షెడ్డు గుమ్మంలో కూర్చుంది. పదకొండింటికి లేచి మిషన్ దాకా వెళ్ళి, తలుపు పిడి మీద చెయ్యి వేసి, తీసేసుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంది. పన్నెండింటికీ అంతే. ఒంటిగంటకు అన్నం గిన్నె మూత తీసి, అట్లాగే మూసేసింది. నాలుగింటికి కరెంటు వచ్చేసరికి మిషన్ అద్దం లోపలివైపు చెమట ధారలు కట్టి ఉంది.

అయిదింటికి అజయ్ బాబు వచ్చాడు. పై అరలో నుంచి రెండు గుడ్లు తీసి పగలగొట్టాడు. ఈకలు మొలిచిన పిల్లలు, కళ్ళు మూసుకుని, మెత్తబడి ఉన్నాయి. అతను వాటివంక ఎక్కువసేపు చూడలేదు. రిబ్కా జడవంక చూశాడు.

"కొబ్బరినూనె రాసుకున్నావా?"

"రోజూ రాసుకునేదేగా సార్."

"ఆ చేతుల్తోనే గుడ్లు తిప్పుతున్నావా? గుడ్డు పెంకుకు సన్నటి బెజ్జాలుంటాయి. నూనె అంటితే మూసుకుపోతాయి. లోపల పిల్లకి ఊపిరాడదు." మెట్టు మెట్టుగా తనకు తానే దారి వేసుకుంటూ పోయి, చివరి మెట్టు మీద నిలబడి అన్నాడు ఆ మాట. "నీ చేతుల వల్లే గుడ్లు చచ్చాయి."

రిబ్కా తన అరచేతులు చూసుకుంది. ఊడ్చి ఊడ్చి చీపురుకట్ట తిరిగినచోట కాయలు కాసిన చేతులు.

"రెండేళ్ళ నుంచీ ఇవే చేతులు, ఇదే నూనె. మొన్న మార్చిలో లేచిన పిల్లలకి ఊపిరి ఎట్టా ఆడింది సార్?"

"ఎదురు మాట్లాడకు."

అతను ఆఫీసు గదిలోకి వెళ్ళి కాగితం ఒకటి రాసుకొచ్చాడు. 'రిబ్కా అను నేను నా నిర్లక్ష్యము వలనను, నూనె చేతులతో తాకుట వలనను మిషన్ యందలి నలభై ఆరు గుడ్లు పాడైనవని ఒప్పుకొనుచున్నాను.' కింద సంతకానికి ఖాళీ.

"ఎల్లుండి ఆదివారం సంజీవరావుగారు ఫారం చూడటానికి వస్తున్నారు. రేపల్లె పార్టీ కూడా వస్తున్నాడు, నాలుగో గది జత కొనటానికి. అప్పటికి సంతకం పెట్టి ఉంచు. పెడితే నేను మాట్లాడి నీ పని పోకుండా చూస్తా. లేదంటే నీ ఇష్టం. ఆ గుడ్లన్నీ గొయ్యి తీసి పూడ్చెయ్. ఇంకోటి, నాలుగో గది పెట్ట ఇంకా పొదుగులోనే కూర్చుని ఉంది. రేపు పొద్దున దాని ముక్కులో ఈక గుచ్చు. పొదుగు వదిలి మళ్ళీ గుడ్లకి రావాలి."

అతని బైకు శబ్దం సరుగుడు తోట మలుపు తిరిగేదాకా రిబ్కా కదల్లేదు. పని పోవడం ఒక సంగతి. పేటలో ఏ ఇంట కోడి పొదుగుకొచ్చినా గుడ్లు పెట్టడానికి పిలిచేది రిబ్కానే. ఆ చేతులు తగిలితే గుడ్లు చస్తాయని ఆమె సంతకంతోనే కాగితం ఉంటే, ఇక ఏ గంపైనా ఆమెను ముట్టుకోనిస్తుందా? కోపం ముందు చెవుల్లోకి వచ్చింది, తరువాత మెడలోకి, తరువాత చేతుల్లోకి. గోరువెచ్చటి నీళ్ళు బక్కెట్ నిండా తెచ్చి షెడ్డు ముందు దభీమని పెట్టింది.

ఒక్కొక్క గుడ్డే నీళ్ళలో వదిలింది. పై అరవి తేలి, బొమ్మల్లా కదలకుండా నిలబడ్డాయి. వాటిని తీసి తట్టలో వేసింది. రెండో అరవీ అంతే.

వాచ్‌మన్ మస్తానయ్య లైటు స్తంభం దగ్గర నుంచి వచ్చాడు. నలభయ్యేళ్ళు సముద్రం మీద వేటకు పోయి, మోకాళ్ళు పోయాక గేటు దగ్గర కుర్చీ వేసుకున్నవాడు.

"ఏంటి చెల్లెమ్మా, గుడ్లకి బాప్తిస్మం ఇస్తన్నావా?"

"లోపలోళ్ళు బతికున్నారో లేదో అడుగుతన్నా అన్నా. నువ్వు నోరు మూసుకుంటే వాళ్ళు చెప్పేది వినపడుద్ది."

కింది అరలోవి పన్నెండు గుడ్లు. నాలుగో గదివి. వేడి పైకి పోతుంది కాబట్టి కింది అర కాస్త చల్లగా ఉంటుంది. మొదటి గుడ్డు నీళ్ళలో పడి, నిలబడి, ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, తల ఊపింది. చిన్నగా ఒక్క కుదుపు. మళ్ళీ ఇంకొకటి. నీళ్ళ మీద సన్నటి అలల చుట్లు లేచాయి. మస్తానయ్య మోకాళ్ళ నొప్పి మరిచిపోయి గొంతుక్కూర్చున్నాడు.

పన్నెండింటిలో పదకొండు తల ఊపాయి.

"మళ్ళీ మిషన్‌లో పెడతావా?" అన్నాడు మస్తానయ్య.

"ఎందుకు పెడతా? చస్తే నా చేతులు. బతికితే ఆయన మిషన్."

నాలుగో గదిలో ఒక పుంజు, ఒక పెట్ట. ఆ పెట్ట పెట్టిన గుడ్డు పెట్టినట్టు ఏరి, పన్నెండూ అయ్యాక ఒకేసారి మిషన్‌లో పెట్టింది రిబ్కానే. గుడ్లు అయిపోయాక ఇరవై రోజుల నుంచి అది గోడమూల ఉత్త ఇసుక మీద, కింద ఏమీ లేకుండా, రెక్కలు పరుచుకుని కూర్చుంటోంది. ఈ జాతి పెట్టలు బోనులో పొదగవని అజయ్ బాబు చదివిన పుస్తకంలో ఉంది. పుస్తకం చదవని పెట్ట మాత్రం మేతకు ఒక్కసారి లేచి మళ్ళీ వెళ్ళి కూర్చుంటోంది.

రిబ్కా ఇంట్లో నాటుకోడికి ఎట్లా చేస్తుందో అట్లాగే చేసింది. గంప తెచ్చింది, వరిగడ్డి పరిచింది, పిడుగు శబ్దానికి గుడ్లు చెడకుండా ఇనుప మేకు, బొగ్గుముక్క పెట్టింది. పదకొండు గుడ్లూ సర్ది, పెట్టను రెండు చేతులా లేవనెత్తి వాటి మీద కూర్చోబెట్టి, పైన ఇంకో గంప బోర్లించింది. నాటుకోడైతే రెండుసార్లు గొణిగి సర్దుకునేది. ఇది లోపల పిడుగు పడ్డట్టు ఎగిరింది. గంప పల్టీ కొట్టింది. పెట్ట జాలీకి తగిలి, కిందపడి, మళ్ళీ లేచి ఎదురు గోడకు తగిలింది. గడ్డి మీద రెండు గుడ్లు పగిలి ఉన్నాయి. ఒకదాంట్లో పిల్ల కాలు ఇంకా కదులుతోంది. కాసేపటికి ఆగింది.

మొదట్లో నేను కొట్టిన గొప్పలు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఉడకబెట్టిన గుడ్డు సంగతి దేవుడెరుగు, రిబ్కా బతికున్న గుడ్లే రెండు చంపింది. అంతకుముందు కూడా ఆమె గంపలో మురిగినవి బోలెడున్నాయి. పోయినేడు పేటలో బాతుగుడ్లు తొమ్మిది పొదగేస్తే తొమ్మిదీ మురిగి, ఆ వాసనకు పక్కింటి పెళ్ళిచూపులే వాయిదా పడ్డాయి. మనిషి చెయ్యి మనిషి చెయ్యే.

రిబ్కా గడ్డిలో చతికిలబడింది. "నూనె చేతులు కాదన్నా, పొగరు చేతులు. దీన్నీ మనింటి కోడే అనుకున్నా."

మస్తానయ్య జాలీ పట్టుకుని నిలబడ్డాడు. "పట్టుకుంటే బెదిరే జాతి చెల్లెమ్మా. అడివిలో దీని మీద గంప బోర్లించేదెవరు?"

ఆమె గది నాలుగు మూలలా చూసింది. అద్దంలా ఊడ్చిన ఇసుక. ఆకు లేదు, పుల్ల లేదు. రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆమే ఊడ్చింది. పెట్ట ముక్కుతో లాక్కొచ్చి మూలన పోగేసుకున్న ప్రతి ఎండుపుల్లనూ, ప్రతి ఈకనూ 'దరిద్రపుదానా, చెత్తంతా ఏస్తావ్' అని తిట్టుకుంటూ చీపురుతో నెట్టేసింది. అది గూడు కట్టుకుంటోందన్న ఆలోచనే రాలేదు. సార్ మీద వచ్చిన కోపంలో సగం ఇప్పుడు తిరిగి తన మీదికే వచ్చింది. లేచి చీపురు తీసుకుని జాలీ అవతలికి విసిరేసింది.

సరుగుడు కొమ్మలు, రెండు తాటాకులు తెచ్చి గోడమూలకు ఏటవాలుగా ఆనించింది. అడుగున పెట్ట తన పొట్టతో చేసుకున్న గుంట అట్లాగే ఉంది. కాస్త ఎండాకు చల్లి, తొమ్మిది గుడ్లూ అందులో పెట్టింది. మేకూ బొగ్గూ తీసి కొంగున కట్టుకుంది. బయటికొచ్చి, గడియ పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా షెడ్డు దాకా నడిచింది.

"చూడవా?" అన్నాడు మస్తానయ్య.

"చూస్తే రాదు."

పొద్దు కుంకింది. గాలి ఇంకా పొయ్యి ముందరి గాలిలాగే ఉంది కాబట్టి గుడ్లకు చలి భయం లేదు. ఎంతసేపటికో మస్తానయ్య గోడ మీదుగా తొంగిచూసి, మాట్లాడకుండా చెయ్యి పైకెత్తి, వేళ్ళు మడిచి, నెమ్మదిగా కిందికి దించాడు. కూర్చుంది అని.

శనివారం పొద్దున్నే అజయ్ బాబు వచ్చాడు. నాలుగో గది ముందు ఆగి, "ఇదేంటి, పశువుల కొట్టమా? ఊడవలేదేం?" అన్నాడు.

"ఊడవను సార్."

"ఊడవవా?"

"పెట్ట గుడ్ల మీదుంది. పూడ్చెయ్యమన్నవాటిలో బతికున్నవి పెట్టా. ఒక్క రెండు రోజులు ఆగండి."

"చచ్చిన గుడ్ల మీద కూర్చోబెట్టావా? రేపు రేపల్లె పార్టీ వచ్చి ఈ చెత్త చూసి ఏమనుకుంటాడు? తప్పుకో." జేబులోంచి కోడి ఈక తీశాడు. మొన మీద గట్టిగా ఉన్న తెల్లటి ఈక. చేత్తో గడియ తీయబోయాడు.

రిబ్కా గడియ మీద చెయ్యి వేసింది. అతని చెయ్యి మీదే పడింది, తీయలేదు.

"దాని ముక్కులో గుచ్చేముందు నా ముక్కులో గుచ్చు అజయ్ బాబూ."

సార్ అన్న మాట ఊడిపోయినట్టు ఆమెకూ తెలియలేదు. "మీయమ్మ నిన్ను కన్నప్పుడు పురిటి మంచం పక్కన నేనే ఉన్నా. ఇరవై రోజులు అది నిన్ను ఎవరి చేతికీ ఇవ్వలేదు, పాస్టరమ్మగారడిగినా ఇవ్వలేదు. అప్పుడు దాని ముక్కులో ఎవరైనా ఈక గుచ్చారా? మిషన్ ఆగింది నీ జనరేటరు లేక. తలుపు తియ్యొద్దంది నీ నోరు. నా చేతులా చంపింది? చెప్పు, నా చేతులా?"

అజయ్ బాబు మొహం ఎర్రబడింది. గదిలో కొమ్మల కింద నుంచి పాము బుసలాంటి శబ్దం వచ్చింది. పెట్ట మెడ ఈకలు నిక్కబొడుచుకుని చూస్తోంది.

మస్తానయ్య ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. "సార్, ఒక మాటండి. ఇప్పుడు లోపలికెళ్తే పుంజు కూడా బెదిరిద్ది. ఆ గలాటాలో దాని తోక ఊడిందనుకోండి, రేపు పార్టీకి బోడిపుంజుని చూపించాలి."

అజయ్ బాబు ఈక కింద పడేశాడు. "రేపు సంజీవరావుగారి ముందే తేలుస్తా నీ సంగతి. కాగితం రెడీగా పెట్టుకో."

ఆదివారం రిబ్కా ఆరాధనకు వెళ్ళలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని, పేట మలుపు దాకా వచ్చి, చర్చి వైపు కాకుండా సముద్రం వైపు పోయే ఆటో ఎక్కింది.

జాలీకి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఎనిమిది దాటాక వినపడింది. గుడ్డు లోపలి నుంచి, గోడ అవతల ఎవరో గుసగుసలాడినట్టు కీచుమనే శబ్దం. పెట్ట తల వంచి, గొంతు లోతులోనుంచి జవాబు చెప్పింది. ఈ రెండేళ్ళలో దాని గొంతు రిబ్కా ఎప్పుడూ వినలేదు. మిషన్‌లో లేచిన పిల్లలకు జవాబు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఫ్యాను ఒక్కటే తిరుగుతూ ఉండేది.

తొమ్మిదిన్నరకు పెట్ట రొమ్ము ఈకల్లోంచి చారల తల ఒకటి బయటికొచ్చి, వెలుతురు చూసి, మళ్ళీ లోపలికి పోయింది. రిబ్కా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కన పుట్ట మీద నుంచి పెళ్ళ ఒకటి విరిచి తెచ్చి చెదపురుగులు జాలీలోంచి రాల్చింది. పెట్ట లేవలేదు. ఇంకా రావలసినవాళ్ళున్నారు.

పదకొండున్నరకు కారు వచ్చింది. సంజీవరావుగారు, రేపల్లె ప్రకాశంగారు, వెనకాల అజయ్ బాబు. నాలుగో గది ముందుకొచ్చేసరికి పెట్ట కొమ్మల కింద నుంచి బయటికి నడిచింది. దాని వెనకాల, దాని కాళ్ళ మధ్య, ఏడు పిల్లలు. పెట్ట చెదపురుగును ముక్కుతో పట్టి, కింద వదిలి, పిలిచింది. ఏడూ ఒకేసారి దాని మీద పడ్డాయి. రెండు గుడ్లు మాత్రం గుంటలోనే ఉండిపోయాయి.

సంజీవరావుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇవి బోనులో పొదగవన్నావు గదయ్యా?"

"నాచురల్ పద్ధతి ట్రై చేశాను సార్," అన్నాడు అజయ్ బాబు. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నా ఐడియా. మొన్నటి నుంచి మానిటర్ చేస్తున్నా."

"మరి ఈ చెత్త ఏంటి?"

"అది పద్ధతిలో భాగం సార్."

గేటు దగ్గర మస్తానయ్యకు దగ్గు వచ్చింది. ఎంతకీ తగ్గలేదు.

రిబ్కా లేచి నిలబడింది. సంచిలోంచి బైబిలు తీసి, దాని మధ్యలో మడిచి పెట్టిన కాగితం తీసింది. "సార్, పెన్నివ్వండి. ఆదివారానికి సంతకం పెట్టమన్నారుగా."

"ఇప్పుడెందుకులే, తరవాత చూద్దాం," అన్నాడు అజయ్ బాబు.

"ఏం సంతకం?" అన్నారు సంజీవరావుగారు. తన జేబులోని పెన్ను ఆయనే తీసి ఇచ్చారు.

రిబ్కా కాగితాన్ని బైబిలు అట్ట మీద పెట్టుకుంది. సంతకానికి వదిలిన ఖాళీలో రాయలేదు. కాగితం తిప్పి, వెనకవైపు, మిషనరీ బడి అయిదో తరగతి గుండ్రటి అక్షరాలతో, ఒత్తి ఒత్తి రాసింది. అందరూ నిలబడి ఉన్నారు. ఆమె తొందరపడలేదు. దీర్ఘం మరిచిపోయినచోట వెనక్కి వెళ్ళి పెట్టింది.

'శుక్రవారం కరెంటు పోయింది. జనరేటరు పుట్టినరోజుకు పోయింది. మిషన్ తలుపు తీస్తానంటే సార్ వద్దన్నారు. పిల్లలు ఉడికి చచ్చాయి. బతికిన పదకొండులో రెండు నా తెలివితక్కువ వల్ల చచ్చాయి. ఏడు పెట్ట లేపింది. ఇట్లు, రిబ్కా.'

సంజీవరావుగారు ముందువైపు చదివారు. తిప్పి వెనకవైపు చదివారు. పుట్టినరోజు అన్నచోట ఆయన కళ్ళు కాస్త ఆగాయి. కాగితం నాలుగు మడతలు పెట్టి, ఎవరికీ ఇవ్వకుండా, తన చొక్కా జేబులోనే వేసుకున్నారు.

"ప్రకాశం, ఈ జతని ఇప్పుడు ఇవ్వను. పిల్లలు ఎదగనీ," అన్నారు. నాలుగడుగులు వేసి, ఎటో చూస్తూ, "ఆ గది ఊడవొద్దు," అని కూడా అన్నారు. అంతే. అజయ్ బాబును ఏమీ అనలేదు. అంటే జనరేటరు దగ్గరకు రావాలి కదా.

వాళ్ళిద్దరూ కారు వైపు పోయాక అజయ్ బాబు వెనకబడ్డాడు. రిబ్కా ముందు నిలబడి, నేలవంక చూస్తూ, "తప్పైంది పిన్నీ," అన్నాడు. ఆమె అరచేతులవంక చూసుకుని, "పోనీలే నాయనా," అంది.

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో, ముందే ఒప్పుకున్న గొప్పలు పోగా, నేను కల్పించింది ఒకే ఒక్కటి. పెట్ట నిజం, ఏడు పిల్లలూ నిజం, ఎదురుగాలికి కాగితం ఎగరకుండా రిబ్కా బొటనవేలితో నొక్కిపట్టి రాయడం నిజం. అజయ్ బాబు తప్పైందన్నాడన్నది ఒక్కటే అబద్ధం. ఆ మాట లేకుండా కథ ఆపడానికి నాకు మనసొప్పక రాశాను. అతను అనలేదు. బైకెక్కి పోయాడు. మరుసటి ఆదివారం చర్చి మెట్ల మీద ఎదురుపడినప్పుడు పిన్నీ అని కూడా అనలేదు. ఆమె మాత్రం రెండు మెట్లు దిగి, పిలుస్తాడేమోనని ఒక్క క్షణం ఆగింది.